సొరపాదు మీద బూటు

మొన్న ఆదివారం తెనాలిలో మా తమ్ముడి కొడుకు కట్టుకుంటున్న ఇల్లు చూడటానికి వెళ్ళాను. రెండో అంతస్తు శ్లాబు పడింది, మెట్లకి ఇంకా రెయిలింగు రాలేదు. నన్ను కిందే కూర్చోమన్నారు. కూర్చోమన్న చోట కూర్చునే అలవాటు మా వంశంలో లేదు కాబట్టి గోడ పట్టుకుని పైకే ఎక్కాను. మేస్త్రీది కొలకలూరు. పడితే పట్టుకుందామని చేతులు చాచుకుని నా వెనకే వచ్చాడు. ముందువైపు స్తంభానికి అప్పటికే బూడిద గుమ్మడికాయ కట్టి ఉంది. మేస్త్రీకి అది చాల్లేదు. "ఈ రోడ్డు మీద పోయేవాళ్ళ కళ్ళు మంచివి కాదండి. పాత చెప్పొకటి కూడా కట్టాల. మీ ఇంట్లో ఏదైనా ఉంటే పంపించండి సార్," అన్నాడు. మా వాడు నవ్వాడు. "చెప్పేంటి, పెదనాన్న దగ్గర బూటే ఉంది, తెల్లోళ్ళ కాలం నాటిది." మేస్త్రీ మొహం వెలిగిపోయింది. "అయితే అదే ఇప్పించండి. తోలు పాతబడే కొద్దీ బాగా పనిచేసిద్దండి." ఇవ్వనన్నాను. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది మాట. కింద ఇసుక జల్లిస్తున్న ఆడవాళ్ళు కూడా తలెత్తి చూశారు. "పాత బూటు కోసం అంత కోపమేంటి పెదనాన్నా?" అన్నాడు మా వాడు. కోపం కాదు, పగ అని చెబుదామనుకున్నాను. సిమెంటు దుమ్ములో నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదది. అందుకే ఇలా రాయడానికి కూర్చున్నాను.

ముందే చెప్పేస్తున్నాను, నేను అంత మంచివాణ్ణి కాను. పక్కింటాయన మమ్మల్నడక్కుండా మా మామిడికొమ్మ కొట్టించి పద్దెనిమిదేళ్ళయింది. ఇప్పటికీ ఆయన ఎదురైతే చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి తప్పించుకుంటాను. క్రికెట్టులో ఇంగ్లండు ఓడిపోతే జిలేబీ తెప్పిస్తాను. ఓడించింది మనవాళ్ళే కానక్కర్లేదు, ఎవరైనా ఫరవాలేదు. ఈ గుణం నాకు నాయనమ్మ నుంచి వచ్చింది. మధ్యలో మా నాన్నకి ఎందుకో అంటలేదు. ఆయన అందరితోనూ నవ్వుతూ మాట్లాడే మనిషి, ఆయన్ని మోసం చేసినవాళ్ళకి కూడా కాఫీ ఇప్పించేవాడు. నాయనమ్మకి కొడుకు మీదున్న ఒకే ఒక్క ఫిర్యాదు అది.

మా ఊరు కొలకలూరుకీ సంగం జాగర్లమూడికీ మధ్య, రైలు కట్టకి దిగువన. ఇంటి పెరట్లో గిలకబావి, బావి పక్కన పందిరి, పందిరి మీద సొరపాదు. ఆ పందిరి నడిమి గుంజకి ఒక బూటు వేలాడుతూ ఉండేది. కుడికాలిది, నల్లటిది, చీలమండ దాటి పైకి వచ్చే పటాలం బూటు. అడుగున మేకులు, మడమకి ఇనప నాడా. పాదులకి దిష్టి తగలకుండా పాత చెప్పులు కట్టడం మా వైపు మామూలే కాబట్టి కొత్తవాళ్ళెవరూ వింతగా చూసేవాళ్ళు కాదు. అది దిష్టికి కాదని ఇంట్లో అందరికీ తెలుసు. నాయనమ్మ పొద్దున్నే నోరు పుక్కిలించి దాని మీదే ఉమ్మేది. అంట్లు తోమిన నీళ్ళు చెంబెడు దాని మీదే కుమ్మరించేది. చీపురు అరిగిపోతే పారేసే ముందు నాలుగు దెబ్బలు దానికే. ఇన్ని చేసీ, ఏటా వరి ఊడ్పులు, అంటే నాట్లు, మొదలైన రోజున దాన్ని కిందికి దింపి, తుడిచి, నీడన ఆరబెట్టి, ఒళ్ళో పెట్టుకుని ఆముదం రాసేది. లోపలికి వేళ్ళు పోనిచ్చి మరీ, చంటిపిల్లకి రాసినంత శ్రద్ధగా రాసేది. అంత అసహ్యమైతే దాన్ని కుళ్ళిపోనివ్వచ్చు కదా అని ఒకసారి అడిగాను. "కుళ్ళిపోతే చచ్చినట్టే కదరా. చచ్చినదాన్ని ఏం చేస్తాం? ఇది బతికుండాలి," అంది. మా ఊళ్ళో ఏ రైతు చెప్పులకీ అంత ఆముదం దక్కలేదు.

ఆ బూటు మా ఇంటికి నలభైరెండు ఆగస్టులో వచ్చింది. క్విట్ ఇండియా రోజులు. తెనాలిలో జనం స్టేషను తగలబెట్టడం, కాల్పులు జరగడం, మనుషులు పోవడం అందరికీ తెలిసిందే, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆ తర్వాత రైలు కట్ట పొడుగునా ఊళ్ళల్లో ఏం జరిగిందన్నది మాత్రం ఎవరిల్లు వాళ్ళకే తెలుసు. నాయనమ్మకి ఒక్కడే తమ్ముడు. మేము చిన్నతాత అనేవాళ్ళం. తల్లిదండ్రులు ఇద్దరూ పోయారు, అక్కే వాడికి అన్నీ. అప్పటికి ఇరవై ఏళ్ళు, మీసాలు తిప్పుతున్న కుర్రాడు. నలుగురు స్నేహితులతో కలిసి కట్ట పక్కన టెలిగ్రాఫు తీగలు కోశాడు. పట్టాల మీద ట్రాలీలో వచ్చిన సోల్జర్ల మీద కంకరరాళ్ళు రువ్వారు. ఒక రాయి తెల్ల ఆఫీసరు టోపీ ఎగరగొట్టింది. ఆ రాయి తను వేసిందేనని చిన్నతాత ముసలితనంలో కూడా ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. సోల్జర్లు తుపాకులు పేల్చారు, పక్కనున్నవాడి భుజంలోంచి గుండు దూసుకుపోయింది. చిన్నతాత కాలవలో దూకి, ఈదుకుంటూ అక్కగారి ఊరు చేరాడు.

మర్నాడు పొద్దున్నే పటాలం ఊళ్ళోకి దిగుతోందని కబురు వచ్చింది. నాయనమ్మకి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. గడ్డివాములు పొడుస్తారు, అటకలు వెతుకుతారు, మడిలో ఊడ్చే కూలి ఆడవాళ్ళని ఎవరు చూస్తారు అనుకుంది. ఆ రోజు మా చేలో ఊడ్పులు. తమ్ముడి మీసం గీయించింది, తన పాత నేతచీర కట్టింది, గాజులు తొడిగింది, కొంగు నెత్తి మీదుగా ముఖం కనపడకుండా లాగింది, వరస చివర బురదలో నిలబెట్టింది. అందులో తప్పు ఒకటే. ఊడ్చేవాళ్ళు వెనక్కి నడుస్తారు. వంగి నారు గుచ్చి, ఒక అడుగు వెనక్కి వేసి మళ్ళీ గుచ్చుతారు. ముందుకి నడిస్తే గుచ్చిన నారంతా కాళ్ళ కింద పడుతుంది. మడిలో దిగిన పదేళ్ళ పిల్లకైనా తెలిసే సంగతి ఇది. చిన్నతాతకి తెలీదు, నాయనమ్మకీ తెలీదు. తరతరాలుగా పొలమున్న ఇళ్ళు మావి. గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడి, వరస వంకర పోతోందని అరవడమే గానీ, ఆ వంగిన నడుములు ఎటు నడుస్తున్నాయో మావాళ్ళెవరూ చూసిన పాపాన పోలేదు. నాయనమ్మ తమ్ముడికి అన్నీ చెప్పింది, వెనక్కి నడవమని చెప్పలేదు.

పటాలం వచ్చేసరికి వాడు నారు గుచ్చుకుంటూ, గుచ్చిందాన్ని తొక్కుకుంటూ ముందుకి పోతున్నాడు. గట్టు మీద ఇద్దరు తెల్లవాళ్ళు, పదిమంది దాకా ఖాకీ బట్టల్లో మనవాళ్ళు. పక్కనున్న ఆడమనిషికి నోరు పెగల్లేదు. ఎవరో వేలు చూపించారు. జుట్టు పట్టుకుని గట్టు మీదికి ఈడ్చారు. తుపాకుల భయానికి ఆడవాళ్ళెవరూ తల ఎత్తలేదు. చిన్నతాత గట్టు మీది గరిక కుడిచేత్తో పట్టుకుని వదల్లేదు. ఆ చేతిమీద బూటు పడింది, ఒకసారి కాదు, గరిక వదిలేదాకా. చివరి దెబ్బకి తొక్కినవాడి కాలు జారి మడిలో మోకాలి దాకా దిగింది. మా నల్లమట్టి ఒకసారి పట్టుకుంటే అంత తేలిగ్గా వదలదు. కాలు వచ్చింది, బూటు రాలేదు. అప్పటికే ఊళ్ళో మగవాళ్ళు కర్రలు పట్టుకుని పరిగెత్తుకొస్తున్నారు. సోల్జర్లు గాల్లోకి కాల్చి, చిన్నతాతని లాక్కుని వెళ్ళిపోయారు. నాయనమ్మ అన్నాల గంప నెత్తిన పెట్టుకుని దూరంగా బండిదారి మీద వస్తోంది. ఆవిడకి కనిపించింది ఒక దొర టోపీ, చుట్టూ ఖాకీ వీపులు, మధ్యలో లేచి పడుతున్న ఒక కాలు. గంప దించి వచ్చేసరికి గట్టు ఖాళీ. ఊడ్చే ఆడవాళ్ళు బురదలోంచి ఆ బూటు తీసి చేతికిచ్చి, "అబ్బాయిగారు ముందుకి నడిచారమ్మా," అన్నారు. ఆ ఒక్క మాట నాయనమ్మ చచ్చేదాకా మర్చిపోలేదు. ఆవిడ పగలో సగం ఆ మాట మీద పెరిగిందేనని నా అనుమానం. తన మీద కోపం తెచ్చుకోవడానికి ఆవిడకి తీరిక లేక అంతా దొర మీదే పెట్టింది.

ఎనిమిది నెలలకి చిన్నతాత జైలు నుంచి వచ్చాడు. కుడిచేతి వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుపోయి ఎండిన అల్లం కొమ్ములా ఉన్నాయి. తొక్కింది ఎవరని మా తాతయ్య, ఆయన అన్నదమ్ములు కత్తులు నూరుకుని అడిగారు. "దొర," అన్నాడు. ఆ తెల్ల ఆఫీసరు అప్పటికి ఏ ఊరు పోయాడో ఎవరికీ తెలీదు. పళ్ళు కొరుక్కుని ఊరుకున్నారు. ఆ చేత్తో చిన్నతాత కలం పట్టలేడు, పలుపుతాడు పట్టలేడు. అవన్నీ ఎలాగో ఓర్చుకున్నాడు గానీ, అన్నం దగ్గరే ఓడిపోయాడు. ఒక పెళ్ళిలో బంతిలో కూర్చుని ఎడంచేత్తో ముద్ద ఎత్తితే, ఎదుటి వరసలో పెద్దమనిషి ఒకాయన విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చిన్నతాత ఎవరింట్లోనూ బంతిలో కూర్చోలేదు. అక్కగారింట్లోనే ఉండిపోయాడు. కుదిరిన సంబంధం తప్పిపోయింది. వంటింటి తలుపు దగ్గరగా వేసి, నాయనమ్మే రెండు పూటలా ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. నలభై ఏళ్ళ మగమనిషి నోరు తెరుచుకుని పీట మీద కూర్చోవడం నా చిన్నప్పుడు తలుపుసందులోంచి చూశాను. నవ్వొచ్చింది. నాయనమ్మ ఎడంచెయ్యి ఖాళీగానే ఉంది, లాగి ఒక్కటిచ్చింది.

ఆ బూటుకి తాడు కట్టి దండలా ఉచ్చు వేసి పెట్టింది నాయనమ్మ. ఎప్పటికైనా ఒక్క తెల్లవాడి మెడలో వేసి చస్తానని ఆవిడ శపథం. స్వరాజ్యం వచ్చాక మా ఊళ్ళో తెల్లవాళ్ళకి కరువొచ్చింది. స్వరాజ్యం రావడంలో నాయనమ్మకి నచ్చనిది అదొక్కటే. నేను బాపట్లలో వ్యవసాయం చదివే రోజుల్లో, మా కాలేజీకి విదేశాల నుంచి ఒక ప్రొఫెసరు వస్తున్నాడని ఇంట్లో నోరు జారాను. మూడో రోజుకల్లా నాయనమ్మ చేతిసంచీతో బాపట్ల హాస్టలు గేటు దగ్గర దిగింది. సంచీలో పైన సున్నుండలు, కింద బూటు. ఆయన నల్లవాడు నాయనమ్మా, ఆఫ్రికా మనిషి అని చిన్న అబద్ధమాడి బస్సెక్కించాను. "నల్లవాడైతే మనవాడేరా, ఈ సున్నుండలు ఆయనకివ్వు," అని సంచీ ఖాళీ చేసి, బూటు పట్టుకుని వెళ్ళిపోయింది. సున్నుండలు నేనే తిన్నాను.

ఇప్పుడు రేపల్లె తాత గురించి చెప్పాలి. ఆయన ఊరు రేపల్లె దాటి సముద్రం వైపు. పడవల మీద బతికే కుటుంబం, ఎండు రొయ్యల వ్యాపారం. స్వరాజ్యం వచ్చిన ఏడు మొదటిసారి మా ఇంటికి వచ్చాడట. అప్పటినుంచి ఏటా ఊడ్పులు అయిపోయాక ఒకసారి, గంపెడు ఎండు రొయ్యలతో దిగేవాడు. "జైల్లో నాకు అన్నం పెట్టినవాడు," అని చిన్నతాత పరిచయం చేశాడు. నాయనమ్మకి ఆ మాట చాలు. తను పెట్టాల్సిన ముద్ద ఈయన పెట్టాడని ఆయన్ని అన్నయ్యా అని పిలిచేది, నెయ్యి గిన్నె ఆయన విస్తరి పక్కనే పెట్టేసేది. నల్లగా, పొడుగ్గా, తక్కువ మాట్లాడే మనిషి. ఎప్పుడూ పెరటికి వీపు పెట్టి కూర్చునేవాడు. కాళ్ళకి చెప్పులుండేవి కావు, ఎండాకాలంలో కూడా. ఒక్క విషయంలో నాయనమ్మకి ఆయన మీద చిన్న అసంతృప్తి ఉండేది. మా పందిరి సొరకాయ ముక్క ఆయన ముట్టేవాడు కాదు. "పడదు చెల్లెమ్మా," అనేవాడు. "సొరకాయ పడని మనిషి ఉంటాడంట్రా ఎక్కడైనా?" అని నాయనమ్మ ఆయన వెళ్ళాక ఆశ్చర్యపోయేది. నేను కాలేజీలో చేరాక, నాట్ల గురించి పాఠం విని వచ్చి, వెనక్కి నడవాలని తెల్లదొరకి ఎలా తెలిసింది తాతా అని చిన్నతాతని అడిగాను. చదువుకున్న వెధవ ప్రశ్నలు వెయ్యకు అని కసిరాడు. ఆయన నన్ను కసిరింది అదొక్కసారే.

డెబ్బై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చింది. దాని గురించి రాయడం మొదలుపెడితే ఈ కథ ఆగిపోతుంది. రేపల్లె తాత ఇల్లూ పడవా రెండూ పోయాయి. కొడుకు కుటుంబం చుట్టాలింటికి చేరింది, ఈయన కట్టుబట్టలతో నడుచుకుంటూ మా ఇంటికి వచ్చాడు. నాయనమ్మ వేడినీళ్ళు కాచి పోసి, తాతయ్య పంచె ఇచ్చి, ఎన్నాళ్ళైనా ఉండమంది. బాపట్ల నుంచి నేనూ ఇల్లు చేరాను. తొమ్మిదో రోజున, పొద్దున పదింటికి, రేపల్లె వైపు సాయానికి పోతున్న జీపొకటి రోడ్డుకడ్డంగా చెట్టు పడి మా ఊళ్ళో ఆగిపోయింది. అందులో ఒక తెల్లాయన ఉన్నాడు. చెట్టు తీసేదాకా నీడన కూర్చుంటాడని మా నాన్న ఆయన్ని మా అరుగు మీదికి తీసుకొచ్చాడు. పాతికేళ్ళ కుర్రాడు, ఎర్రటి ముక్కు. బురద బూట్లు మర్యాదగా మెట్టు కింద విప్పి, మజ్జిగ గ్లాసు రెండు చేతులతో అందుకున్నాడు.

నాయనమ్మ గుమ్మంలో నిలబడి ఆ తెల్లటి పాదాలు చూసింది. వెనక్కి తిరిగి పెరట్లోకి వెళ్ళింది. పందిరి కూలిపోయింది గానీ నడిమి గుంజ నిలబడే ఉంది. నాకు సంగతి అర్థమై వెంటపడేసరికి, బూటు ఉచ్చు రెండు చేతులతో పట్టుకుని అరుగు మీదికి వచ్చేసింది. "అమ్మా, వద్దే," అన్నాడు నాన్న. "నువ్వు తప్పుకో," అంది. ఆ కుర్రాడు మాత్రం చిరునవ్వు నవ్వాడు. వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ జనం ఆయనకి దండలు వేసి ఉంటారు. ఇదీ అలాంటిదే అనుకున్నాడు. లేచి నిలబడి, చేతులు జోడించి, నాయనమ్మకి అందేలా తల వంచాడు. ముప్పై అయిదేళ్ళు ఎదురుచూసిన మెడ దానంతట అదే వంగింది. నాయనమ్మ చేతులు లేచాయి.

మధ్యలోకి రేపల్లె తాత వచ్చాడు. ఆ కుర్రాణ్ణి భుజంతో పక్కకి నెట్టి, ఆయన మెడ ఉన్న చోట తన మెడ పెట్టాడు. "ఆయనకి కాదు చెల్లెమ్మా. అది నాది. నాకెయ్యి," అన్నాడు. నాయనమ్మకి అర్థం కాలేదు. చిన్నతాత వైపు చూసింది. చిన్నతాత నేల చూపులు చూస్తున్నాడు. రేపల్లె తాత తల ఎత్తకుండానే చెప్పాడు. "అప్పుడు నేను రిజర్వు పోలీసుని. మా అమ్మ ఊడ్పులకెళ్ళేది, నాకు తెలుసు. చివర మనిషి ముందుకి నడుస్తోంది సార్ అన్నాను. అది మగోడని దొరకి నేనే చెప్పాను. తొక్కమన్నాడు. తొక్కాను." ముందుకి నడిచాడన్న ఆ మాట మళ్ళీ విని నాయనమ్మ మొహం ఎలా అయిందో నేను చెప్పలేను. "ఎన్నేళ్ళు తిన్నావు నా చేత్తో?" అంది. "ముప్పై." నాయనమ్మ ఉచ్చు ఆయన మెడలో వేసింది. తాడు సరిగ్గా దిగలేదు. చెవి దగ్గర పట్టుకుంటే తనే సర్ది మరీ కిందికి లాగింది. "ఇక వెళ్ళు," అంది.

తెల్ల కుర్రాడు చప్పట్లు కొట్టాడు. ఇది మీ పెద్దవాళ్ళని గౌరవించే ఆచారమా అని నన్ను అడిగాడు. అవునన్నాను.

రేపల్లె తాత అలాగే మెట్లు దిగి, బూటు గుండెల మీద ఊగుతుంటే, రైలు కట్ట వైపు నడిచి వెళ్ళిపోయాడు. వెళ్ళడానికి ఆయనకి ఇల్లు లేదని నాయనమ్మకి తెలుసు. మా నాన్న గొడుగు పట్టుకుని వెంట పరిగెత్తాడు. కాసేపటికి గొడుగుతోనే తిరిగొచ్చాడు, ఎంత బతిమాలినా మెడలోది తీయలేదట. అప్పుడు చిన్నతాత నోరు విప్పాడు. "నాకు మొదటి రోజు నుంచీ తెలుసక్కా. లారీలో తన తలగుడ్డ చింపి నాకు కట్టు కట్టాడు. లాకప్పులో మూడు రోజులు తన చేత్తో అన్నం పెట్టాడు. నెల తిరక్కుండా ఉద్యోగం వదిలేశాడు. పేరు చెబితే బావవాళ్ళు నరికేసేవాళ్ళు. దొర అని చెబితే ఎక్కడని వెతుకుతారు? అందుకే దొర అన్నా. నేనాయన్ని ఎప్పుడో క్షమించాను." నాయనమ్మ చాలా నెమ్మదిగా జవాబు చెప్పింది. "చెయ్యి నీది, క్షమించుకో. ముప్పై అయిదేళ్ళు ముద్దలు కలిపింది నేను. నన్నెవరడిగారు?"

ఈ ఇద్దరిలో ఎవరి పక్షమని నన్నడిగితే, అప్పుడూ ఇప్పుడూ నాయనమ్మ పక్షమే. క్షమించడం పెద్ద గుణమే కావచ్చు, అక్కతో చెప్పకుండా ఆమె చేత్తోనే వాడికి నెయ్యి వేయించడం మాత్రం నాకు మింగుడు పడలేదు. చిన్నతాత ఆ మధ్యాహ్నం విస్తరి తెచ్చుకుని వీధి అరుగు మీద, వచ్చేపోయేవాళ్ళందరికీ కనపడేలా కూర్చున్నాడు. ఎడంచేత్తో కలుపుకుని, సగం కింద పోసుకుంటూ తిన్నాడు. "ఇక నాకు ముద్దలు కలపక్కర్లేదక్కా," అన్నాడు. అన్నట్టే ఆ తర్వాత అక్క చేతి ముద్ద తినలేదు. బంతుల్లోనూ కూర్చోవడం మొదలుపెట్టాడు. లేచిపోయేవాళ్ళు లేచిపోయారు. నాయనమ్మ మాత్రం అలవాటు కొద్దీ కంచంలో ఎక్కువ కలిపేసి, తమ్ముడు వీధిలో తింటున్నాడని గుర్తొచ్చి, ఆ మిగతాది తనే బలవంతంగా తినేది. ఖాళీ గుంజ మీద పొద్దున్నే ఉమ్మబోయి ఆగిపోయేది.

అయిదేళ్ళ తర్వాత, ఊడ్పులు అయిపోయిన రోజుల్లో, నడివయసు మనిషొకడు గుడ్డమూట పట్టుకుని వచ్చాడు. రేపల్లె తాత కొడుకునని చెప్పాడు. తండ్రి పోయి నెలైందట. కొత్తగా వేసుకున్న ఇంటి గుమ్మం మీద ఆ బూటు వేలాడదీసుకున్నాడట. ఎవరడిగినా ఇది నేనొక పిల్లాడి చెయ్యి తొక్కిన బూటు అని చెప్పేవాడట. మనవరాలి పెళ్ళిచూపులవాళ్ళకి కూడా అదే చెబితే ఇంట్లో పెద్ద గొడవైందట. ఎవరిది వాళ్ళకి ఇచ్చెయ్యమని చివర్లో చెప్పి పోయాడట. నాయనమ్మ మూట విప్పింది. బూటు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది, బొటనవేలితో మడమ దగ్గర నొక్కింది. "ఆముదం రాశాడు," అంది. "ఏటా రాసేవాడండి, ఊడ్పులు మొదలెట్టిన రోజు," అన్నాడు ఆ మనిషి. నాయనమ్మ లేచి, దాన్ని పెరట్లో ఎప్పటి గుంజకే కట్టి వచ్చి, "మీ నాన్నకి సొరకాయ పడదు. నీకు పడుద్దా?" అని అడిగింది. "పడుద్దండి," అన్నాడు. పీట వేసి, సొరకాయ పులుసుతో అన్నం పెట్టింది. అతను తింటుంటే, ఇంకో కంచంలో ముద్ద కలిపి, వీధి అరుగు మీద తమ్ముడి ముందు కూర్చుని చెయ్యి చాచింది. చిన్నతాత నోరు తెరిచి ఆ ముద్ద తిన్నాడు. ఒక్కటే. రెండోది కంచం లాక్కుని ఎడంచేత్తో తనే తిన్నాడు.

అయితే క్షమించేశావా నాయనమ్మా అని ఆ సాయంత్రం అడిగాను. "ఛీ," అంది. "అన్నం పెట్టాను. అంతే." మరి బూటు మళ్ళీ గుంజకెందుకు కట్టావు, తొక్కినవాడు పోయాడు కదా అన్నాను. నాకేదో తెలివి తక్కువైనట్టు చూసింది. "తొక్కినవాడు మోశాడురా. తొక్కమన్నవాడు ఇంకా మొయ్యలేదు," అంది. మర్నాడు పొద్దున్నే పుక్కిలించి, ఎప్పట్లాగే దాని మీద ఉమ్మింది.

ఇప్పుడు వాళ్ళెవరూ లేరు. ఆ ఇల్లూ పందిరీ లేవు. బూటు తెనాలిలో మా ఇంట్లో, బాల్కనీ మేకుకి ఉంటుంది. తొక్కమన్నవాడు ఏ చల్లటి ఊళ్ళోనో మెత్తటి పరుపు మీద, మనవలు చుట్టూ ఉండగా హాయిగా పోయి ఉంటాడు. మా చిన్నతాత పేరు కూడా వాడికి తెలిసి ఉండదు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఈ వయసులో కూడా పళ్ళు నూరుకోవాలనిపిస్తుంది. మేస్త్రీకి నా పాత తోలు చెప్పు పంపించాను, అంత చాలు ఆ ఇంటికి. ఈ ఏడు కూడా కాలవలకి నీళ్ళొదిలి, కొలకలూరు వైపు ఊడ్పులు మొదలయ్యాయని తెలియగానే మెడికల్ షాపు నుంచి ఆముదం సీసా తెచ్చి, బూటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ ముక్కు మూసుకుని లోపలికి పోయింది. నొక్కి చూస్తే తోలు ఇంకా మెత్తగానే ఉంది. ఏటా ఎవరో ఒకరు ఆముదం రాస్తూ కూర్చుంటే, ఎనభై ఏళ్ళు దాటిన కాలం కూడా ఏమీ చెయ్యలేక పక్కనే కూర్చుని చూస్తూ ఉంటుంది.